విశాఖ ఎండల్లో లెపర్డ్ గెకో గుడ్లు, పిల్లలు

ట్యూబ్‌లైటు పట్టీ వెనకాల, కరెంటు మీటరు పెట్టెలో గోడబల్లి పెట్టే గుడ్లు అందరూ చూసే ఉంటారు. తెల్లగా, గుండ్రంగా, సున్నపు బిళ్ళల్లా గట్టిగా ఉంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు, అయినా పిల్లలు వచ్చేస్తాయి. ఇళ్ళలో పెంచుకునే చుక్కల బల్లి లెపర్డ్ గెకో. దాని గుడ్డు ఆ తరహా కాదు. దాని పెంకు మెత్తని తోలులా ఉంటుంది. చుట్టూ ఉన్న తడిని పీల్చుకుంటూ ఉబ్బుతుంది, పొడిగా వదిలేస్తే కొన్ని గంటల్లోనే సొట్టపోతుంది. గోడబల్లి గుడ్డుకు చోటు చాలు. దీనికి చోటుతో పాటు తడి, వేడి రెండూ లెక్కగా కుదరాలి.

ఈ విషయం మీద దొరికే సూచనల్లో ఎక్కువ భాగం చలి దేశాల వాళ్ళు రాసినవి. వాళ్ళ తంటా అంతా గుడ్లు పొదిగే పెట్టెను వేడిగా ఎలా ఉంచాలన్నదే. విశాఖలో కథ తిరగబడుతుంది. గెకోలు గుడ్లు పెట్టే కాలం సుమారు జనవరి నుంచి సెప్టెంబరు దాకా. అందులో ఏప్రిల్ నుంచి జూన్ వరకు డాబా కింది ఫ్లాట్లలో గది వేడే 33, 34 డిగ్రీలకు వెళ్తుంది. ఇక్కడ వేడి ఊరికే వస్తుంది, దాన్ని ఆపడమే పని.

మొదలుపెట్టే ముందు కాగితాల మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో వచ్చిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతరించిపోయే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం, అంటే సైటీస్ పట్టికలో ఉన్న జంతువుల్ని ఇంట్లో ఉంచుకుంటే నమోదు చేయించాలి, వాటికి పుట్టిన పిల్లల్నీ నమోదు చేయించాలి. ఆ నమోదు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో జరుగుతుంది. మీ దగ్గరున్నది ఏ జాతి, ఎక్కడినుంచి వచ్చింది అన్నది అటవీశాఖ వాళ్ళను అడిగి తేల్చుకున్నాకే జత కట్టించండి. తూర్పు కనుమల్లో లెపర్డ్ గెకోకు దగ్గరి చుట్టం ఒకటుంది, యూబ్లెఫారిస్ హార్డ్‌విక్కీ. ముదురు పట్టీలతో, నెమ్మదిగా నడుస్తుంది. విషపు పురుగనుకుని కనబడగానే కొట్టేస్తుంటారు. దానికి విషం లేదు. కొండల్లో అది కనిపించినా, దాని గుడ్లు కనిపించినా చెయ్యి పెట్టకండి. ఇక్కడ చెప్పేదంతా ఇంట్లో పుట్టి పెరిగిన జంతువుల గురించే.

తల్లి దగ్గర మొదలు

ఆడదానికి కనీసం ఏడాది వయసు, 45 నుంచి 50 గ్రాముల బరువు, లావుపాటి తోక ఉండాలి. తోక అంటే దాని ధాన్యపు గాదె. గుడ్లకు పోయే కొవ్వంతా అక్కడినుంచే తీస్తుంది. సన్నతోక ఆడదాన్ని జత కట్టిస్తే మూడో విడతకల్లా ఎముకల గూడై కూర్చుంటుంది.

జత కలిసిన రెండు, మూడు వారాలకు పొట్ట అడుగున చర్మం గుండా రెండు తెల్లటి కోడిగుడ్డు ఆకారాలు లీలగా కనిపిస్తాయి. అప్పటికే గుడ్లపెట్టె సిద్ధంగా ఉండాలి. సుమారు 20 × 15 సెంటీమీటర్ల మూతడబ్బా, పక్కన 5 సెంటీమీటర్ల కంత, లోపల 7, 8 సెంటీమీటర్ల ఎత్తున తడి కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. ఎరువు కలిపిన కోకోపీట్ కాకుండా ఉత్తది తీసుకుని, రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, గట్టిగా పిండి వాడాలి. ఆడది రెండు మూడు రోజులు అందులో తవ్వుతుంది, తిండి మానేస్తుంది, ఒక రాత్రి రెండు గుడ్లు పెట్టి మట్టి కప్పేస్తుంది. పొద్దున చూస్తే పొట్ట జారిపోయి, ముడతలు పడి ఉంటుంది. అదే గుర్తు. ఇంకో రెండు, మూడు వారాలకు మళ్ళీ రెండు. ఒక కాలంలో ఐదారు విడతలు మామూలే.

తవ్వుతూనే ఉండి, ముక్కుతూ, రోజులు గడిచినా గుడ్డు పెట్టకపోతే అది అడ్డంపడినట్టు. పొట్ట నొక్కడం, నూనె రాయడం వద్దు. గెకోలను చూసే పశువైద్యులు ఊళ్ళో తక్కువ, అందుకని ఎవరున్నారో జత కట్టించకముందే కనుక్కుని పెట్టుకోవాలి.

గుడ్డు తీయడం

ఈ కాలమంతా గుడ్లపెట్టెను ఉదయం, సాయంత్రం చూడాలి. కోకోపీట్‌ను వేళ్ళతో పైపైన తీస్తూ వెళ్ళండి, గరిటెతో కాదు. గుడ్డు 2.5 నుంచి 3 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పెట్టిన కొత్తలో మెత్తగా, కాస్త జిగురుగా ఉండి, ఒక్క రోజులో సుద్దలా తెల్లబడి బిగుస్తుంది.

కనిపించిన గుడ్డును కదపకముందే పైభాగాన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి, తేదీ వేస్తే ఇంకా మంచిది. మొదటి రోజు గడిచేసరికి లోపలి పిండం పైపొరకు అతుక్కుంటుంది. ఆ తరవాత గుడ్డును బోర్లిస్తే పచ్చసొన బరువు పిండం మీద పడుతుంది, అది చచ్చిపోతుంది. కోడి గుడ్లు తిప్పినట్టు వీటిని తిప్పకూడదు. కోళ్ళు పొదిగించే అలవాటున్న ఇళ్ళలో జరిగే మొదటి పొరపాటు ఇదే. గుర్తు ఎప్పుడూ ఆకాశం వైపే చూడాలి.

రెండు గుడ్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటే విడదీయకండి, జంటగానే పెట్టండి. పసుపు రంగులో, నీళ్ళు నిండని బెలూన్‌లా జావగా ఉన్నది మగ తోడు లేని గుడ్డయ్యే అవకాశం ఎక్కువ. అయినా వారం ఆగండి, కొన్ని ఆలస్యంగా బిగుస్తాయి.

డబ్బా, తడి

మిద్దెతోట సామాన్ల దుకాణాల్లో వర్మిక్యులైట్, పెర్లైట్ రెండూ దొరుకుతాయి, తడిని పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు. ఏదైనా సరే, తూకం వేసి తడపాలి, కొలపాత్రతో కాదు. వర్మిక్యులైట్ అయితే 100 గ్రాములకు 100 గ్రాముల నీళ్ళు, పెర్లైట్ అయితే 100 గ్రాములకు 80. లీటరు డబ్బాలో 5 సెంటీమీటర్ల మందం రావడానికి పొడి వర్మిక్యులైట్ 50, 60 గ్రాములు చాలు. కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి. కలిపాక పావుగంట ఆగి గుప్పిట్లో పిండి చూడండి. చెయ్యి తడవాలి, చుక్క కారకూడదు. కారిందంటే తడి ఎక్కువైంది.

బొటనవేలితో చిన్న గుంట నొక్కి, గుడ్డును సగం లోపలికి, సగం బయటికి ఉండేలా పడుకోబెట్టండి. గుడ్డుకు గుడ్డుకు మధ్య కనీసం 2 సెంటీమీటర్లు. పొదిగే లోపు గుడ్డు బాగా లావెక్కుతుంది, ఆ చోటు దానికి కావాలి. డబ్బాకు కంతలు మూత మీద కాదు, పక్కల పైఅంచున, రెండు చాలు, దబ్బనం కాల్చి పొడిస్తే పడేంత. మూతకు కంతలుంటే పెట్టె పైనుంచి జారే నీళ్ళు నేరుగా గుడ్ల మీదే పడతాయి.

చివరిగా డబ్బా మొత్తాన్ని తూకం వేసి, ఆ అంకె మూత మీద మార్కర్‌తో రాయండి. ఇది చిన్న పనే గానీ, సగం తలనొప్పి తీరుస్తుంది. తడి గుడ్డులోకి వెళ్ళినా డబ్బా బరువు మారదు, ఆవిరై బయటికి పోతేనే తగ్గుతుంది. వారానికోసారి తూకం వేసి, ఎన్ని గ్రాములు తగ్గితే అన్ని మిల్లీలీటర్ల నీళ్ళు సిరంజితో డబ్బా అంచుల వెంట పోయండి. నీళ్ళు పెట్టె లోపలి వేడికే ఉండాలి, గుడ్డు మీద పడకూడదు. అప్పుడే పది సెకన్లు మూత తీసి గాలి మార్చండి. రోజూ తెరిచి చూసే వాళ్ళ గుడ్లే ఎక్కువ పాడవుతాయి.

సముద్రపు గాలి తడిగా ఉంటుంది కదా, నీళ్ళు తగ్గించాలేమో అన్న సందేహం చాలామందికి వస్తుంది. మూసిన డబ్బాలో తడిని నిర్ణయించేది వర్మిక్యులైటే, బీచ్‌రోడ్డు గాలి కాదు. కొలత మార్చక్కర్లేదు.

వేడి లెక్క

గుడ్డులో ఉన్నది ఆడదా మగదా అన్నది లెపర్డ్ గెకోలో పొదిగే వేడిని బట్టి తేలుతుంది. 27, 28 డిగ్రీల దగ్గర ఎక్కువ ఆడవి, 30 దగ్గర అటూ ఇటూ, 32 దగ్గర ఎక్కువ మగవి. 34 దాటితే మళ్ళీ ఆడవి పెరుగుతాయి గానీ, ఆ వేడిలో చాలా గుడ్లు చస్తాయి, వచ్చిన పిల్లల్లో వంకర తోకలు, వంకర వెన్నులు కనిపిస్తాయి. 28 దగ్గర పొదగడానికి సుమారు 52 నుంచి 60 రోజులు, 30 దగ్గర 45 నుంచి 50, 32 దగ్గర 40 అటూ ఇటూ.

విశాఖలో 28 నుంచి 29 మధ్య పెట్టుకోవడమే తెలివైన పని. కారణం ఆడ పిల్లలు కాదు. గుడ్డు చలికి ఓర్చినంతగా వేడికి ఓర్చదు. కరెంటు పోయి రాత్రంతా 24కు జారినా పిల్ల కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. ఒక గంట 33 తాకినా కొంప మునగదు. రోజులకొద్దీ 34 మీద కూర్చుంటే మాత్రం గుడ్డు దక్కదు. 32 మీద నడిపేవాడికి తప్పు చేయడానికి 2 డిగ్రీల చోటే ఉంది, 28 మీద నడిపేవాడికి 6 ఉంది.

చలికాలపు గుడ్లకు నీళ్ళ పెట్టె చాలు. ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యలు, చేపలు సర్దే థర్మోకోల్ పెట్టె తరహాదే, కొత్తది కొనండి. వాడిన దాని వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు, చీమలకు అది ఆహ్వానపత్రిక. 40 × 30 సెంటీమీటర్ల పెట్టెలో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు పోస్తే 12 లీటర్లు పడతాయి. అడుగున 50 వాట్ల అక్వేరియం హీటరు, పైభాగం నీళ్ళ పైకి ఉండేలా రెండు ఇటుకలు, వాటి మీద గుడ్ల డబ్బా. హీటరు పూర్తిగా మునిగి ఉండాలి, నీళ్ళు ఇగిరి గాజు బయటపడితే పగులుతుంది. చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయడం మరవకండి.

హీటరుకున్న మీట మీద వేసిన అంకెల్ని నమ్మకండి. వేడిని కొలుస్తూ హీటరును వెలిగించి ఆపే ఎస్‌టీసీ-1000 లాంటి కంట్రోలరు పెట్టి, దాని తీగ కొసను గుడ్ల డబ్బా లోపల, గుడ్ల ఎత్తులోనే ఉంచండి. నీళ్ళలో కాదు. ఆ కొస ఒకటి రెండు డిగ్రీలు తప్పు చూపించడం మామూలు. గ్లాసులో ఐసు దంచి వేసి, కొంచెం నీళ్ళు పోసి కలిపి, కొసను అందులో ఐదు నిమిషాలు ముంచండి. 0 చూపించాలి. 1.2 చూపిస్తే, కంట్రోలరులో తప్పు సరిదిద్దే ఎఫ్4 అమరికలో ఆ 1.2 తగ్గించండి. కావలసిన వేడిని చెప్పే ఎఫ్1లో 28.5, ఎంత తేడా వస్తే పనిచేయాలో చెప్పే ఎఫ్2లో 0.5 పెడితే సరిపోతుంది.

ఏప్రిల్ వచ్చాక ఇదే పెట్టె పనికిరాదు, ఎందుకంటే హీటరును ఆపగలం గానీ గదిని ఆపలేం. కంట్రోలరు హీటరును ఆఫ్ చేసి ఊరుకుంటుంది, లోపల అంకె మాత్రం 33, 34 చూపిస్తూనే ఉంటుంది. ఇక్కడ అందరికీ తట్టే ఉపాయం తడిగుడ్డ కప్పడం, కూలరు ముందు పెట్టడం. అనంతపురం పొడి ఎండలో అది పనిచేస్తుంది. విశాఖ గాలిలో ఇప్పటికే నీరు నిండి ఉంటుంది కాబట్టి గుడ్డ ఆరదు, ఆరని గుడ్డ చల్లబరచదు. ఐసు సీసాలు పెడితే గంటలో 24, మూడు గంటల్లో 33, ఈ ఊగిసలాట ఇంకా చెడ్డది.

పనికొచ్చే దారులు రెండు. ఏసీ గది ఉంటే, 26, 27 మీద నడిచే ఆ గదిలో నేల మీద పెట్టెను పెట్టి, పగలు ఏసీ ఆగిన వేళ 12 లీటర్ల నీళ్ళను కాపలాగా వాడుకోవడం. అన్ని నీళ్ళు వేడెక్కడానికి చాలా గంటలు పడుతుంది, ఈలోపు సాయంత్రమవుతుంది. ఏసీ లేకపోతే, కార్లలో వాడే చిన్న కరెంటు కూలర్ పెట్టెను ఎస్‌టీసీ-1000 కూలింగ్ వైపు కలపండి. ఆ కంట్రోలరుకు వేడికి ఒకటి, చలికి ఒకటి విడివిడిగా రిలేలు, అంటే లోపలి స్విచ్చులు ఉంటాయి. తీగలు కలపడం ఎలక్ట్రీషియన్ పని. రెండూ కుదరనప్పుడు, మే నెల గుడ్ల కోసం జత కట్టించకపోవడమే మేలు. మగదాన్ని డిసెంబరు, జనవరిలో కలిపి ఫిబ్రవరిలోపు వేరు చేయండి. కాకపోతే ఆడది మగ బీజాన్ని దాచుకుని తరవాత కూడా మంచి గుడ్లు పెడుతుంది, అది ఆపలేం.

తుపానుల మాట కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే పెట్టెను దాని లైనుకే కలపండి. లేకపోతే రెండు సీసాల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి పెట్టెలో ఉంచి, మూత టేపు వేయండి. పైన చెప్పినట్టు చలి గుడ్డును తొందరగా చంపదు, కంగారుతో మరిగే నీళ్ళు పోసేవాళ్ళే చంపుతారు.

గుడ్డు ఏం చెబుతోంది

పది రోజులకు గది చీకటి చేసి, సన్నని టార్చిని గుడ్డు పక్కకు ఆనించి చూడండి. గుడ్డును ఎత్తక్కర్లేదు. లోపల గులాబీ రంగు వెలుగు, అందులో ఎర్రటి దారాల్లా నరాలు, ఒక ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. మొత్తం పసుపుగా, ఖాళీగా వెలిగితే లేనట్టు. ఇంకో వారానికి మళ్ళీ చూసి నిర్ణయించండి.

నడిమధ్యలో సొట్ట పడితే తడి చాలలేదు. అంచుల్లో పది మిల్లీలీటర్లు పోస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. చివరి రోజుల్లో పడే సొట్ట వేరు, అది పిల్ల రాబోతోందన్న కబురు. అప్పుడు నీళ్ళు పోయకండి. తేదీ రాసి పెట్టుకోమన్నది ఈ రెండిటినీ పోల్చుకోవడానికే.

బూజు చూసి గుడ్డును పారేయకండి. తెల్లటి పలచని బూజును పొడి ఇయర్‌బడ్‌తో తుడిచి, ఆ గుడ్డును వేరే డబ్బాలోకి, గుర్తు పైకే ఉంచి మార్చండి. బతికున్న గుడ్డు బూజును తట్టుకుంటుంది. పచ్చటి నూగు దట్టంగా పట్టి, పెంకు జారి, నీరు కారుతూ కుళ్ళు వాసన వేస్తే అప్పుడు తీసేయాలి.

చీమలు ఈ ఊరి అసలు శత్రువులు. పాత ఇళ్ళలో పాలగిన్నెల బీరువా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు గుర్తుందా, అదే పని ఇక్కడా చేయాలి. పెట్టె ఉన్న బల్ల నాలుగు కాళ్ళకూ నీళ్ళ పళ్ళేలు. చీమల చాక్‌పీసు, దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే దోమల మందు ఆ గదిలోకే రానివ్వకండి.

పిల్ల బయటికొచ్చే వేళ

ఒకటి రెండు రోజుల ముందు గుడ్డు మీద చెమట బొట్లలా నీరు పోస్తుంది. పిల్ల మూతి కొసన ఉన్న చిన్న పంటితో పెంకును నిలువుగా చీలుస్తుంది. ముక్కు బయటపెట్టి గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా అలాగే ఉండిపోతుంది. ఇరుక్కుపోయిందేమో అని లాగాలనిపిస్తుంది. లాగితే బొడ్డు తెగి, ఇంకా లోపలికి పీల్చుకోని పచ్చసొన చిట్లుతుంది. ఆ ఆగిన గంటల్లో అది చేసే పని ఆ సొనను పీల్చుకోవడమే. సొన వేలాడుతూనే బయటికొచ్చిన పిల్లను తడి టిష్యూ పరిచిన చిన్న కప్పులో పెట్టి, పొదిగే పెట్టెలోనే ఒక రోజు ఉంచండి. రెండో గుడ్డు సాధారణంగా ఒకటి రెండు రోజుల తేడాలో వస్తుంది.

పిల్ల 8 సెంటీమీటర్లు, మూడు గ్రాములు. నలుపు, పసుపు అడ్డపట్టీలతో ఉంటుంది, పెద్దయ్యాక వచ్చే చుక్కలు ఇప్పుడు ఉండవు. చెయ్యి చూడగానే నిటారుగా లేచి, నోరు తెరిచి కీచుమని అరుస్తుంది. బెదిరింపే తప్ప కరిస్తే గోరు గీసినంత కూడా తెలియదు. మొదటి రెండు వారాలు ఎత్తుకోవద్దు. తోక వదిలేస్తే దాని తిండి నిల్వ పోయినట్టే.

ఒక్కో పిల్లకు ఒక్కో డబ్బా. 30 × 20 సెంటీమీటర్ల మూతడబ్బా, పక్కలకు కంతలు, కింద టిష్యూ లేదా పేపరు. ఇసుక వద్దు, పురుగుతో పాటు మింగి పేగుకు అడ్డం పడుతుంది. ఒక పక్క దాక్కోవడానికి పొడి దాపు, ఇంకో పక్క తడి టిష్యూ పెట్టిన మూసిన దాపు, సీసా మూతలో నీళ్ళు. రెండు పిల్లల్ని కలిపి ఉంచితే పురుగు కదిలిందనుకుని ఒకటి రెండోదాని తోక, వేళ్ళు కొరుకుతుంది. అన్నదమ్ములైనా అంతే.

వెచ్చని వైపు నేల 31, 32, చల్లని వైపు 26, 27 ఉండాలి. వేసవిలో విశాఖలో హీట్‌మ్యాట్, అంటే డబ్బా కింద పరిచే కరెంటు పట్టా, అవసరమే లేదు, 34 దాటకుండా చూసుకోవాలి. డిసెంబరు, జనవరి రాత్రులకు డబ్బా కింద మూడో వంతు మేర మ్యాట్, దానికీ కంట్రోలరు.

మొదటి మూడు రోజులు తిండి పెట్టనక్కర్లేదు. ఒకటి రెండు రోజుల్లో బూడిద రంగు తిరిగి కుబుసం విడుస్తుంది, దాన్నే తినేస్తుంది. ఆ తరవాత రోజూ సాయంత్రం నాలుగైదు చిన్న మీల్‌వార్ములు (పిండిపురుగులు) గానీ, చిన్న కీచురాళ్ళు గానీ. కొలబద్ద పిల్ల తలే. దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పురుగు లావుండకూడదు. అప్పుడే పొర మార్చిన తెల్ల మీల్‌వార్ములు మెత్తగా ఉంటాయి, మొండికేసిన పిల్ల కూడా వాటికి లొంగుతుంది.

పురుగుకు మీరు పెట్టిందే పిల్లకు చేరుతుంది. పెట్టడానికి ఒకరోజు ముందు పురుగులకు ములగాకు, క్యారెట్, ఓట్స్ వేయండి. ములగాకులో కాల్షియం దండిగా ఉంటుంది, పైగా వీధి చివరే దొరుకుతుంది. పాలకూర తగ్గించండి, దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. తరవాత చిన్న సంచిలో చిటికెడు కాల్షియం పొడి వేసి పురుగుల్ని ఆడించండి. పలచగా ముగ్గు చల్లినట్టుండాలి, పిండిలో దొర్లించినట్టు కాదు. మామూలు రోజుల్లో ఉత్త కాల్షియం, వారానికి రెండుసార్లు విటమిన్ డీ3 కలిసినది. మనుషుల కాల్షియం మాత్రలు దంచి వేయకండి. తిని మిగిలిన కీచురాళ్ళను రాత్రి డబ్బాలో వదలకండి, అవి తిరిగి పిల్లను కొరుకుతాయి. వానాకాలపు ఉసిళ్ళు, బయట పట్టిన బొద్దింకలు వద్దు, ఏ మందు తిన్నాయో తెలియదు. మిణుగురులైతే అసలే వద్దు, వాటిలో విషం ఉంటుంది.

వారానికోసారి నగల తూకం లాంటి చిన్న త్రాసు మీద కప్పు పెట్టి తూయండి. నెల తిరిగేసరికి దాదాపు రెట్టింపు అవ్వాలి. పది రోజులైనా ముట్టకపోతే ముందు నేల వేడి చూడండి, చల్లగా ఉంటే అరగదు, అరగకపోతే తినదు. నడుస్తుంటే కాళ్ళు వణకడం, దవడ మెత్తబడడం కాల్షియం లోటుకు గుర్తు, అది ఇంట్లో సరిచేసే పని కాదు, వైద్యుడికి చూపించాలి. వేళ్ళకు కుబుసం ఉంగరంలా బిగుసుకుంటే సెంటీమీటరు లోతు గోరువెచ్చని నీళ్ళలో పదిహేను నిమిషాలు నిలబెట్టి, తడి ఇయర్‌బడ్‌తో కొసవైపు తోయండి. వదిలేస్తే రక్తం ఆగి వేలు రాలిపోతుంది.

పిల్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా వీటి పేగుల్లో మామూలుగానే ఉంటుంది. ఐదేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకండి, వంటగది సింకులో డబ్బాలు కడగకండి.

వేరొకరికి ఇవ్వాలనుకుంటే 10 గ్రాములు దాటి, కనీసం నెలన్నర తనంతట తాను తిన్నాకే ఇవ్వండి. పుట్టిన తేదీ, పొదిగిన డిగ్రీలు, ఇప్పుడు తింటున్న పురుగు, అది ఎంత సైజు అన్నది చీటీ మీద రాసి డబ్బాకు అంటించండి. ఆడదా మగదా అన్నది కొన్ని నెలల దాకా కంటికి తెలియదు, అప్పటివరకు కొత్త యజమానికి ఆ డిగ్రీల అంకే ఆధారం.